ఎడమ పక్క సముద్రం

వంతెన ఎత్తు కొలిచినవాడు రూబెన్. తప్పు కొలిచాడు. హెస్టర్ ఐర్లండ్ చూడకుండా పోయిందంటే కారణం అదే. ఆమోస్ రేన్ ఈ సంగతి మీద ఎవరితోనూ వాదించడు. బయట వాన పడుతుంటే పడుతోందా లేదా అని వాదించేవాడు ఉండడు.

రూబెన్ హెస్టర్‌కి అన్న. అతని ఇల్లు లోయ కింది కొసన, వంతెన పక్కనే. ఆమోస్ ఇల్లు పై కొసన, దారి ఆగిపోయే చోట. మధ్యలో రెండు మైళ్ళ ఇరుకు దారి, దానికి రెండు వైపులా రాతిగోడలు, గోడల వెనక గొర్రెలు. బయటి లోకానికి పోవాలంటే ఆ దారి తప్ప మరొకటి లేదు. ఆ దారి మీదుగా అడ్డంగా, సీసం గనుల కాలంలో కట్టిన రైలు వంతెన. గనులు పోయాయి, రైలు పోయింది, వంతెన మిగిలింది. పాత కట్టడం కనక దాని రాయి మీద ఉలి పెట్టకూడదని చట్టం. పైన ఉన్నది ఒక్క ఇల్లే కనక దాని ఎత్తెంతో రాసి బోర్డు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

ఆమోస్, రూబెన్ మాట్లాడుకోరు. ఆమోస్ పెళ్ళయిన మూడో ఏడు, ఊరి సంబరంలో పొట్టేళ్ళ పోటీకి రూబెన్‌ని తీర్పరిగా పెట్టారు. అతను సొంత చెల్లెలి మొగుడి పొట్టేలుకి రెండో బహుమతి ఇచ్చాడు. కొమ్ములు చెంపలకి మరీ దగ్గరగా ఉన్నాయన్నాడు. ఆమోస్ బహుమతి రిబ్బను అక్కడే గడ్డిలో పారేసి, పొట్టేలుని తోలుకుని ఇంటికొచ్చాడు. మాట ఆ రోజు ఆగింది.

ఆ లోయలో అది వింతేమీ కాదు. గోడ రాయి దగ్గర, గుడి బల్ల దగ్గర, కుక్కపిల్ల దగ్గర మాటలు ఆగిపోతుంటాయి. ఆగినవి ఇద్దరిలో ఒకరు మట్టిలో కలిసేదాకా ఆగే ఉంటాయి. అలాగని పనులు ఆగవు. తప్పిపోయిన గొర్రెని తెచ్చి గేటుకి కట్టేసి పోతారు. ట్రాక్టరు చెడితే ట్రాక్టరు వస్తుంది. మధ్యలో ఒక ఆడమనిషి ఉంటే చాలు. ఇద్దరూ ఒకే పొయ్యి ముందు కూర్చునే ఉంటారు. "నాగలి రేపు కావాలని చెప్పు వాడికి," అంటాడు ఒకడు. "పట్టుకుపొమ్మని చెప్పు," అంటాడు రెండోవాడు. ఆమె ఇద్దరికీ టీ పోస్తూ ఎవరికీ ఏమీ చెప్పదు. చెప్పినట్టే లెక్క. ఇన్నేళ్ళూ వాళ్ళ మాటలు మోసినది హెస్టర్.

ప్రయాణం సంగతి కూడా పెళ్ళయిన కొత్తలోదే. గొర్రెల మందులు అమ్మే కంపెనీ ఇచ్చిన కేలండరులో ఐర్లండ్ సముద్రపు ఒడ్డు బొమ్మ ఉంది. గిన్నెలు తుడుస్తూ హెస్టర్ అది చూసి, "ఎంత పచ్చగా ఉందో," అంది. అంతే అంది. ఆమోస్ దాన్ని మరిచిపోలేదు. పిల్లలు కలగలేదు. గొర్రెలు అతన్ని లోయ దాటనివ్వలేదు. ఆ ఒక్క మాట మాత్రం అతను ఏళ్ళ తరబడి దాచుకున్నాడు. మోకాళ్ళు అరిగి, మందని సగానికి తగ్గించిన ఏడు, ఊరూరా పుస్తకాలు తిప్పే పాత లైబ్రరీ బండి వేలానికొస్తే, అందులోనే వండుకుని పడుకుంటూ హెస్టర్‌ని నెల్రోజులు ఐర్లండ్ దాకా తిప్పాలని కొన్నాడు. అది వంతెన కింద నుంచి సుఖంగా దూరి పైకొచ్చింది. పుస్తకాల అరల్ని అల్మరాలు చేశాడు. మంచం కట్టాడు, పొయ్యి పెట్టాడు.

హెస్టర్ పొడగరి. బండిలో నిలబడి చూసి, "మెడ వంచుకుని నెల్రోజులు వండలేనయ్యా," అంది.

"కప్పు లేపుతాను. ఎంత దాకా లేపొచ్చో కావాలి. వంతెన కొలిచి చెప్పమను మీ అన్నని."

తనే పోయి కొలుచుకోవచ్చు. కానీ రూబెన్ గేటు ముందు బండి ఆపి, చేతిలో టేపు పట్టుకుని, నోరు తెరుచుకుని పైకి చూస్తూ నిలబడడమంటే వాడికి ఉచితంగా వేడుక చూపించడమే. హెస్టర్ వెళ్ళింది. తిరిగొచ్చి, కోటు విప్పుతూ, "పన్నెండడుగులట," అంది. ఆమోస్ మూడంగుళాలు వదిలి కప్పు కట్టాడు. ఆ చలికాలమంతా రేకు కొట్టాడు. అతని చేతి పని వంక పెట్టేలా ఉండదు.

దారి కూడా అతనే గీశాడు. అట్లాసు వంటింటి బల్ల మీద పరిచి, సాయంత్రాలు పైకి చదివేవాడు. తూర్పు ఒడ్డు పట్టుకుని కిందికి నార్‌ఫోక్, కెంట్. అక్కణ్ణించి పడమటికి కార్న్‌వాల్, పైకి వేల్స్. పెంబ్రోక్ దగ్గర ఓడెక్కి రాస్‌లేర్. కెర్రీ, గాల్వే, డొనెగాల్. లార్న్‌లో మళ్ళీ ఓడ, స్కాట్లండ్ నెత్తి చుట్టి, ఇంటికి. గడియారం ముల్లు తిరిగినట్టు తిరగాలి, ఎదురు దిశలో కాదు. ఎందుకంటే అలా తిరిగితే సముద్రం ఎప్పుడూ ఎడమ చేతి వైపే ఉంటుంది, నడిపేవాడి పక్క సీటు ఉండేది ఎడమ వైపునే. నెల పొడుగునా నీళ్ళు హెస్టర్ కిటికీలోనే. ఆ సంగతి కనిపెట్టిన రోజు ఆమోస్ రెండు కప్పుల టీ తాగాడు.

"సాయంత్రం నాలుక్కల్లా బండి ఆపేస్తాం. చీకట్లో నడపను. దుకాణాల దగ్గర ఆగడాలు లేవు, తిండి మనమే వండుకుంటాం. ఎవరి ఇంటికీ పోవక్కర్లేదు. మనిద్దరమే."

"మనిద్దరమే," అంది హెస్టర్.

బయల్దేరిన రోజు గుడికొచ్చేవాళ్ళు నలుగురు వంతెన దగ్గర చేతులూపడానికి నిలబడ్డారు. బండి ముక్కు వంతెన కిందికి పోయింది. కప్పు పోలేదు. జానెడు తక్కువైంది. రేకు రాయికి తగిలిన చప్పుడుకి కాకులు లేచాయి. రూబెన్ తన గేటు దగ్గరే ఉన్నాడు. నోరు తెరిచాడు, మూసుకున్నాడు. తిప్పుకోవడానికి చోటు లేదు. రెండు మైళ్ళూ ఆమోస్ బండిని వెనక్కే నడిపాడు. హెస్టర్ తల వంచుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె భుజాలు అదురుతున్నాయి. ఆమోస్ గేరు మీంచి చెయ్యి తీసి ఆమె మోకాలి మీద పెట్టాడు. అలాంటి పనులు అతనికి అలవాటు లేవు.

కప్పు కోసి దించుతానన్నాడు. "నా కోసం లేపిన కప్పు, కొయ్యకు," అంది హెస్టర్. "వదిలెయ్యి ఆమోస్. మన వంటిల్లే నాకు బాగుంది." అంత పెద్ద మనసు ఆమెది. ఆ మనసుకి ఆ గతి పట్టిందంటే దానికి కారణం ఎవరో ఆమోస్‌కి తెలుసు. అప్పటిదాకా రూబెన్‌తో మాటలు లేవు, అంతే. అప్పట్నుంచి పేరు కూడా లేదు. 'వంతెనవాడు' అనేవాడు.

అది జరిగి పుష్కరం దాటింది. హెస్టర్ పోయి రెండు చలికాలాలైంది. మందని అమ్మేశాడు, పొలం కౌలుకిచ్చాడు. బండి కొట్టంలోనే ఉంది. ప్రతి ఆదివారం దాని ఇంజను కాసేపు తిప్పి ఆపుతాడు.

ఏప్రిల్లో ఓ సోమవారం రూబెన్ భార్య డైనా పైకొచ్చింది. హెస్టర్ పోయాక మాటలు మోసే పని ఆమె మీద పడింది. గుండ్రటి మనిషి, ఎగువ దారికి ఆయాసపడుతుంది. చేతిలో అల్లం కేకు.

"అబ్బ, ఈ ఇల్లు ఏటేటా పైకి జరుగుతోందా ఏంటి? కుర్చీ ఇలా లాగు. వార్త తెచ్చాను."

"ఎవరు పోయారు?"

"నీకు వార్తంటే అదే. ఎవరూ పోలేదు. నీళ్ళ గొట్టం మారుస్తున్నారు. వంతెన కింద దారంతా తవ్వేశారు, అడుగు లోతు. ట్రాక్టర్లు పోవాలని ఆ గోతిలోనే ఇనప రేకులు పరిచి, అటూ ఇటూ కంకర వాలుగా పోశారు."

ఆమోస్ కేకు కోస్తున్నాడు. చాకు ఆగింది.

"ఎన్నాళ్ళుంచుతారు?"

"శుక్రవారం పూడ్చేస్తారట. రూబెన్ చూశాడు. నీకు చెప్పమన్నాడు. బండి పడుతుందని చెప్పమన్నాడు."

"వాడు కొలిచాడా?"

"కొలిచాడు."

"అయితే పట్టదు."

"ఓరి దేవుడా, ఈసారి నువ్వే వచ్చి కొలుచుకో. మనుషులు లేని వేళ చూసి దొంగలా రా. నేను కర్టెన్లు వేసి కూర్చుంటాలే."

అతను మంగళవారం తెల్లవారకముందే వెళ్ళి కొలుచుకున్నాడు. పడుతుంది, నాలుగు వేళ్ళ సందు ఉంటుంది. రూబెన్ ఇంటి కర్టెన్లు నిజంగానే వేసి ఉన్నాయి.

అట్లాసు మళ్ళీ బల్ల మీదికొచ్చింది. దారి అదే. తూర్పు ఒడ్డు కిందికి, గడియారం ముల్లు తిరిగినట్టు. ఎడమ సీటు దుమ్ము దులిపి, హెస్టర్ కుట్టిన దిండు పెట్టాడు. సీటు ఖాళీగా ఉన్నా నీళ్ళు అటే ఉండాలి. ఆమె చూడాల్సింది తను చూపించి తీసుకొస్తాడు. అంతకు మించి అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అతని దగ్గర ఇంకేమీ లేదు కూడా. ఈ నెల్రోజుల కోసమే రెండు చలికాలాలు బతికాడు.

ఓడ టిక్కెట్లు ఫోనులో తీసుకోవాలట. అందుకోసం బుధవారం మధ్యాహ్నం డైనాని పిలిచాడు. ఆమె కళ్ళజోడు ముక్కు చివరికి దించి, ఒక వేలితో నొక్కుతూ కూర్చుంది.

"పెంబ్రోక్ నుంచి రాస్‌లేర్. ఇదుగో. ఎంతమంది?"

"ఒకడు."

"నెల్రోజులు ఒక్కడివే ఎవరితో పోట్లాడతావు? రూబెన్‌ని తీసుకుపో. ఎలాగూ మాట్లాడుకోరు, నీకు ఇబ్బంది ఉండదు."

"వాడు పక్కనుంటే ఏ సముద్రం ఎంత లోతో తప్పు చెప్తాడు."

డైనా నవ్వింది. "బండి పొడుగు అడుగుతోంది."

చెప్పాడు.

"ఎత్తు?"

"పదకొండడుగుల తొమ్మిదంగుళాలు."

ఆమె నొక్కబోయి ఆగింది. "అంత ఎందుకు కట్టావయ్యా? పదకొండు అని చెప్పి పంపిస్తే, పైన ఇంకో తొమ్మిదంగుళాలు పెడతారా ఎవరైనా?"

"పదకొండు ఎవరు చెప్పారు? పన్నెండన్నాడు నీ మొగుడు."

"పదకొండే. నేను కిందినుంచి టేపు పట్టుకున్నాను, ఆయన నిచ్చెన మీదున్నాడు. హెస్టర్ పక్కనే నిలబడి..."

డైనా నోరు అక్కడ ఆగిపోయింది. మొహం ఎర్రబడింది. ఫోను సంచిలో వేసుకుంది. "నాకు గుర్తు లేదులే. ఎప్పటి మాటో. ముసలిదాన్ని," అంది. పొయ్యి మీద ఏదో మాడిపోతోందన్నట్టు లేచి వెళ్ళింది. పొయ్యి రెండు మైళ్ళ అవతల ఉంది.

ఆమోస్ బల్ల దగ్గరే కూర్చున్నాడు. ఎదురుగా ఐర్లండ్ పరుచుకుని ఉంది. పదకొండన్న డైనా అబద్ధమైనా ఆడి ఉండాలి, లేకపోతే మోసుకొచ్చిన మనిషి దారిలో ఒకటి కలిపి ఉండాలి. రెండోది అతను అనుకోలేదు. అనుకోకూడదని చాలాసేపు కూర్చున్నాడు.

గురువారం పొద్దున్న బండి కిందికి దించాడు. టైర్లలో గాలి కొంచెం తీశాడు. వంతెన అవతల రూబెన్ నిలబడి ఉన్నాడు, పాత కోటు, చేతిలో కర్ర. దారి చూపించడానికి వచ్చాడు. పనివాళ్ళు టీకి పోయారు. డైనా కర్టెన్ వెనక ఉంది.

రూబెన్ కర్రతో రమ్మని ఊపాడు. ఆమోస్ వంతెనకి ఇవతలే ఆపాడు. ఇంజను ఆర్పకుండా దిగి, ఇనప రేకుల మీద నడుచుకుంటూ వంతెన కిందికి వచ్చాడు.

"ఎంత చెప్పావు?"

రూబెన్ అలవాటు కొద్దీ వెనక్కి చూశాడు, మధ్యలో మోసే మనిషి ఎక్కడుందా అని.

"నాతోనేనా?"

"ఇంకెవడున్నాడిక్కడ?"

"పదకొండు చెప్పాను."

"నాకు పన్నెండంది."

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"నీ కప్పు ఈ రాయికి తగిలినప్పట్నుంచి. నీకు చెబుదామని నోరు తెరిచాను. బండి అద్దం వెనక నుంచి హెస్టర్ వద్దని తల అడ్డంగా ఊపింది. మర్నాడు గుడ్లిచ్చే మిష మీద మా ఇంటికొచ్చింది." రూబెన్ కర్ర కొసతో కంకర గీకాడు. "నవ్వుతూనే ఉంది. తర్వాత ఏడ్చింది."

"ఏమంది?"

"ఇప్పుడెందుకులే. మనిషే లేదు. నువ్వు పోయిరా, ఎండ బాగుంది."

"ఏమంది రూబెన్?"

పొట్టేలు పోటీ తర్వాత ఆమోస్ అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. రూబెన్ కొంచెంసేపు ఆ పేరు వింటున్నట్టే నిలబడ్డాడు.

"'ఒక పక్క సముద్రం, ఒక పక్క ఆయన. నెల్రోజులు మధ్యలో కూర్చుని నేనెటు దిగనన్నయ్యా?' అంది."

ఇంజను అలాగే తిరుగుతోంది. వంతెన రాయిలోంచి నీటిబొట్టు ఒకటి రేకు మీద పడింది.

"నిన్ను తిట్టలేదు," అన్నాడు రూబెన్. "అది మాత్రం తెలుసుకో. 'చెడ్డవాడు కాదు. ఇంట్లో అయితే పెరట్లోకి పోతాను, కోళ్ళ దగ్గర కాసేపు కూర్చుంటాను, మళ్ళీ వస్తాను. బండికి పెరడు లేదు కదా,' అంది. రానని చెప్పొచ్చుగా అన్నాను. 'రేకులన్నీ నా కోసమే కొడుతుంటే ఎలా చెప్పను?' అంది. 'తప్పు నీ మీద తోసేస్తాడు, మోస్తావా?' అనడిగింది."

"మోస్తానన్నావు."

"ఎలాగూ నాతో మాట్లాడడు, కొత్తగా పోయేదేముంది అన్నాను."

ఆమోస్ పైకి చూశాడు. రాయి మీద పాత గీత ఇంకా ఉంది, కప్పు తగిలిన చోట, ఆకుపచ్చ రంగు అంటుకుని. అతను తిరిగి నడిచి బండెక్కాడు. తలుపు వేసుకున్నాడు.

"రా," అన్నాడు రూబెన్, కర్ర ఊపుతూ. "నేరుగా రా. నాలుగు వేళ్ళ సందుంది. రా, ఆమోస్. ఏం కాదు."

అవతల దారి కనబడుతూనే ఉంది. వంతెన కమానులోంచి చూస్తే ఎండలో తడి తారు, ఊరి మొదటి ఇల్లు, దాని తర్వాత పెద్ద రోడ్డు, ఆ రోడ్డు కొసన తూర్పు సముద్రం. ఎడమ సీటులో దిండు. దిండు అవతల కిటికీ. ఆ కిటికీకీ తనకీ మధ్య ఎంత చోటుందో ఆమోస్ ఎప్పుడూ చూడలేదు. చూశాడు. చెయ్యి చాపితే అద్దం తగులుతుంది.

అతను వెనక్కి గేరు వేశాడు.

రూబెన్ కర్ర దించాడు. రెండు మైళ్ళూ, రెండు గోడల మధ్య, బండి వెనక్కే పోయింది. ఈసారి గోడకి రెండు చోట్ల రాసుకుంది.

శుక్రవారం సాయంత్రం డైనా వచ్చింది. దారి పూడ్చేశారట, తారు ఇంకా వెచ్చగా ఉందట. అట్లాసు బల్ల మీద లేదు. పొయ్యిలో ఏదో మందపాటిది కాలి, నల్లటి రేకుల్లా మిగిలి ఉంది. డైనా దాన్ని చూసి, చూడనట్టు కుర్చీ లాక్కుంది.

"ఆయన పొద్దుట్నుంచి మెతుకు ముట్టలేదు ఆమోస్. చెప్పకుండా ఉండాల్సిందని గోల. నీతో మాట్లాడాలట. గేటు దగ్గరే ఉన్నాడు. రమ్మననా?"

ఆమోస్ కిటికీలోంచి చూశాడు. రూబెన్ గేటు బయట నిలబడి ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని. రెండు మైళ్ళూ నడిచే వచ్చినట్టున్నాడు. రెండు గుక్కల్లో టీ తాగేసి, ఆమోస్ కప్పు బోర్లించాడు.

"మీ ఆయనకి చెప్పు. వంతెన కొలిచింది తను. తప్పు కొలిచాడు. దానివల్ల హెస్టర్ ఎక్కడికీ పోలేకపోయింది. అంతే జరిగింది."

"అయ్యో, నిన్న ఆయన నీకు చెప్పినదంతా..."

"నాకెవరూ ఏమీ చెప్పలేదు. మేం మాట్లాడుకోం. ఈ సంగతి ఇక నా నోట రాదు, ఇంకెవరూ ఈ ఇంట్లో ఎత్తొద్దు. అది కూడా చెప్పు వాడికి."